నీళ్ళు తాగి బయలుదేరే ఊరు

మా పెద్దవాడు హైదరాబాదులో ఉంటాడు. కంప్యూటర్ల కొలువు. ఆదివారం పొద్దున్నే ఫోను చేస్తాడు. వానలు పడ్డాయా అంటాడు, పసుపు ఎలా ఉందంటాడు, అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అంటాడు. ఈ మర్యాదలన్నీ అయ్యాక అసలు సంగతికి వస్తాడు. అసలు సంగతి ఎప్పుడూ ఒకటే.

"బాపూ, ఇంకా గా ఇందల్వాయిల ఏమున్నదని? ఇల్లు అమ్మేసి ఇద్దరూ ఇక్కడికే వచ్చెయ్యరాదు?"

వాడి దగ్గర ఒక ఆయుధం కూడా ఉంది. ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిటినీ వరసగా నిలబెట్టి, ఏది బతకడానికి బాగుంటుంది, ఏది బాగుండదు అని మార్కులు వేసే కంపెనీలు ఉన్నాయట. వాటిలో మెర్సర్ అనేది ఒకటి. అది 2019లో వేసిన జాబితాలో మన దేశం మొత్తం మీద హైదరాబాదు, పుణె నగరాలు మొదటి స్థానంలో నిలిచాయి. ఆ కాగితం ముక్క మా వాడు అప్పటినుంచీ భద్రంగా దాచుకున్నాడు. ఇల్లు అమ్మే ప్రస్తావన వచ్చినప్పుడల్లా బయటికి తీస్తాడు.

"మొత్తం ప్రపంచంలో ఎన్నోదిరా?" అని అడిగాను ఒకసారి.

"నూట నలభై మూడు."

"ఎన్నిట్లో?"

"రెండు వందల ముప్పై ఒకటి."

నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. 231 మంది ఉన్న తరగతిలో 143వ ర్యాంకు తెచ్చుకున్న కుర్రాడు ఇంటికి వచ్చి, "మా వీధిలో మాత్రం నేనే ఫస్టు" అని మిఠాయి అడిగితే ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. కానీ కొడుకు పెద్దవాడయ్యాడు, పైగా ఫోనులో ఉన్నాడు. ఊరుకున్నాను.

అసలు ఈ జాబితాలు ఎవరికోసం తయారవుతాయో మీకు తెలుసా? పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను పరాయి దేశాలకు పంపేటప్పుడు, పాపం అక్కడ వాళ్ళకి బతుకు ఎంత కష్టమవుతుందో లెక్కగట్టి, ఆ కష్టానికి జీతం మీద ఎంత భత్యం కలపాలో తేల్చుకోవడానికి ఈ లెక్కలు వాడతారు. కష్టభత్యం అన్నమాట. అంటే లండన్ నుంచి విమానం దిగే దొరగారికి హైదరాబాదులో ఎంత కష్టమో చెప్పే కాగితాన్ని చూసి, ఇందల్వాయి నుంచి బస్సు దిగే మా ఆవిడకి అక్కడ ఎంత సుఖమో మా వాడు తేల్చేస్తున్నాడు!

నేను పట్నాల మీద పగబట్టినవాణ్ణి కాను. మా ఇందల్వాయి ఏదో భూలోక స్వర్గమనీ చెప్పబోవడం లేదు. మాది నిజామాబాదుకు పాతిక కిలోమీటర్ల లోపు ఊరు. చుట్టూ గుట్టలు, ఒక పాత రామాలయం, సికింద్రాబాదు నుంచి మన్మాడు పోయే పాత రైలు మార్గంలో ఒక చిన్న స్టేషను. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మా పక్క నుంచే పోతుంది. దాని మీద టోలుగేటు ఉండబట్టి ఇవాళ దేశంలో చాలామంది లారీ డ్రైవర్లకు మా ఊరి పేరు తెలుసు. 2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు మాకో మండలం హోదా కూడా వచ్చింది. నాకు ఎకరం పసుపు ఉంది. జూన్‌లో విత్తితే తవ్వేది మళ్ళీ మాఘమాసం ప్రాంతానికి. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపట్టి, బస్తాలకెత్తి నిజామాబాదు గంజికి తీసుకుపోతాం. ఇదీ మా వైభవం.

కనుక పల్లె మంచిది, పట్నం చెడ్డది అనే పాత పాట నేను పాడను. ఆ పాటకు అంబేద్కర్ గారు 1948లోనే రాజ్యాంగ సభలో గట్టిగా జవాబు చెప్పారు. ఊళ్ళో ఎవరు ఎక్కడ నీళ్ళు తోడుకోవాలో, ఎవరి వాకిట్లో చెప్పులు విప్పాలో నిర్ణయించే పెద్దల మధ్య పుట్టినవాడికి, ఎవరికీ ఎవరూ తెలియని పట్నం వీధి ఎంత హాయో నాకూ తెలుసు. పెద్దాసుపత్రి ఉంటుంది, పెద్ద లైబ్రరీ ఉంటుంది, పిల్లలకు నౌకరీలుంటాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. నా తగాదా పట్నంతో కాదు. పట్నానికి మార్కులు వేసేవాళ్ళతో.

మార్కులు వెయ్యడం మనకేం కొత్త కాదు. ఏ ఊళ్ళో ఉండాలి, ఏ ఊళ్ళో అడుగు పెట్టకూడదు అన్న జాబితా మన సుమతీ శతకంలోనే ఉంది. నా ఈడువాళ్ళంతా బెత్తం భయంతో వల్లించినదే. అవసరానికి అప్పు పెట్టేవాడు, రోగానికి మందిచ్చేవాడు, ఎండిపోని ఏరు, ఒక బ్రాహ్మడు: ఈ నాలుగూ ఉన్న చోట కాపురం పెట్టు, లేని ఊరి పొలిమేర తొక్కకు అన్నాడు కవి. ఇప్పటి విదేశీ జాబితాలూ దాదాపు ఇదే దారి. లండన్‌లోని ఎకనమిస్ట్ వాళ్ళ సంస్థ ఒకటి ఏటా 173 నగరాలకు మార్కులు వేస్తుంది. వాళ్ళు చూసేవి అయిదు: శాంతిభద్రతలు, వైద్యం, సంస్కృతి-పర్యావరణం, చదువు, రోడ్లు-నీళ్ళు-కరెంటు వంటి వసతులు. అప్పిచ్చేవాడి బదులు బ్యాంకు, వైద్యుడి బదులు అద్దాల ఆసుపత్రి, ఏటి బదులు ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా అనుకుంటే రెండు జాబితాలకూ పెద్ద తేడా లేదు. నాలుగోవాడి సంగతి ఈ కాలంలో ఎత్తితే తగువవుతుంది గనక వదిలేద్దాం.

రెండు జాబితాల్లోనూ ఒకటే లోపం. కవి నీళ్ళు తాగడం గురించి ఆలోచించాడు. తాగిన తర్వాతి సంగతి ఆలోచించలేదు. ఎందుకంటే కవి మగవాడు. మగవాడికి ఊరంతా గోడలే.

ఇంత సూటిగా రాయవలసి వస్తున్నందుకు పాఠకులు క్షమించాలి. "గిసుంటియి పత్రికలల్ల రాస్తరా?" అని మా ఆవిడ కూడా మొహం అటు తిప్పుకుంది. అయినా రాయక తప్పని సంగతి ఒకటి జరిగింది.

నిరుడు మా మేనకోడలి పెళ్ళి బట్టలకని ఇద్దరం హైదరాబాదు వెళ్ళాం. పొద్దున ఆరింటికి మా ఊళ్ళో బస్సెక్కితే పదిన్నరకు దిగాం. కోడలు వచ్చి ఒక పెద్ద బట్టల దుకాణానికి తీసుకుపోయింది. నాలుగంతస్తులు, కదిలే మెట్లు, చల్లగాలి. ప్రతి అంతస్తులోనూ కూల్‌డ్రింకులు ఇస్తున్నారు. నేను రెండు తాగాను. మా ఆవిడ ఒక్కటీ ముట్టలేదు. "నాకు సల్లటివి పడయి" అంది. మూడు గంటల సేపు చీరలు చూశాక ఆమె మొహం వాడిపోయింది. కోడలు చెవిలో ఏదో చెప్పింది. కోడలు వెళ్ళి కౌంటరులో ఏదో అడిగింది. అక్కడి అబ్బాయి "అది స్టాఫ్‌కు మాత్రమే మేడం" అన్నాడు. అప్పుడు చీరలు మడతపెడుతున్న ఒక చిన్నపిల్ల గొంతు తగ్గించి అంది: "స్టాఫ్‌కు గూడ లేదమ్మా. మేం పక్క బిల్డింగుకు పోతం. అదిగూడ మధ్యాహ్నం ఒక్కసారే పోనిస్తరు."

నలభై వేల రూపాయల బట్టలు కొన్నాం. నాలుగంతస్తుల్లో వెయ్యి బల్బులున్నాయి. ఆడమనిషి పోవడానికి ఒక్క తలుపు లేదు.

ఇంటికి వచ్చిన మూడోనాడు మా ఆవిడకు చలిజ్వరం పట్టుకుంది. నడుము నొప్పి, మంట. నిజామాబాదులో డాక్టరమ్మకు చూపించాం. పరీక్షలు చేయించి, ఒంటేలు దారిలో చీము పట్టింది, ఇంకా ఆలస్యమైతే మూత్రపిండాల దాకా పోయేది అంది. అయిదు రోజులు సూదులు, సెలైన్లు. చివరి రోజు డాక్టరమ్మ అడిగింది: "నీళ్ళు సరిగ్గా తాగవామ్మా?"

మా ఆవిడ గోడ వైపు చూసింది.

ఇంటికి వచ్చాక నేనే మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పింది.

"ఊరికి పొయ్యేనాడు నీళ్లెట్ల తాగుత? ముందటి రాత్రి నుంచే బంద్ చేస్త. లేకుంటే నడిమిట్ల యాడికి పోవాలె?"

"ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచేంది? పెండ్లయిన కాంచి గంతే. మా అవ్వ గూడ గంతే. ఆడోళ్లందరు గంతే. గా సంగతి మీకెట్ల తెలుస్తది?"

నలభై రెండేళ్ళ సంసారం మాది. యాదగిరిగుట్ట పోయాం, తిరుపతి పోయాం, బాసర ఎన్నిసార్లు పోయామో లెక్క లేదు. ప్రతిసారీ నేను బస్సు ఆగినచోటల్లా దిగి చాయ్ తాగి, ఒక గోడ చూసుకుని, మీసం దువ్వుకుని తిరిగి వచ్చి కూచునేవాణ్ణి. ఆవిడ కిటికీ పక్కన కదలకుండా కూచునేది. చాయ్ తెమ్మంటావా అంటే వద్దనేది. ఎంత నిగ్రహం, ఎంత పొదుపు అని లోలోపల మెచ్చుకునేవాణ్ణి కూడా!

ఆ ఆదివారం మా వాడు ఫోను చేసినప్పుడు కాస్త కోపంగానే చెప్పాను, నీ ఫస్టు ర్యాంకు నగరంలో మీ అమ్మకు జరిగిన మర్యాద ఇదిరా అని. వాడు ఏదో సమర్థించబోయాడు. ఇంతలో కోడలు ఫోను తీసుకుంది. బాగా చదువుకున్న పిల్ల, పెద్ద ఉద్యోగం. మెల్లగా అంది:

"మామయ్యా, నేను కూడా పొద్దున నీళ్లు తాగను. ఆఫీసుకు గంటంబావు దారి. మధ్యలో ఎక్కడ ఆగుతాం?"

అటు పక్క మా వాడి గొంతు ఆగిపోయింది. వాడికీ అప్పుడే తెలిసిందని నాకర్థమైంది. తండ్రి పోలికే!

ఇక్కడ మీలో ఒకరు లేచి, "అయ్యా పంతులుగారూ, మీ ఇందల్వాయిలో ఏడ్చింది కాబోలు!" అంటారు. ఒప్పుకుంటాను. మా ఊళ్ళో ఇంటింటికీ మరుగుదొడ్డి అన్నది నిన్నమొన్నటి మాట. స్వచ్ఛభారత్ అని 2014 అక్టోబరు 2న మొదలుపెట్టాక చాలా ఇళ్ళలో కట్టుకున్నారు. అంతకుముందు మా తల్లులు తెల్లవారకముందో, పొద్దుగూకిన తర్వాతో చెంబు పట్టుకుని గుంపుగా పోవలసిందే. పగలంతా బిగబట్టుకోవలసిందే. పల్లె ఆ విషయంలో పట్నం కన్నా దుర్మార్గం. కాని పట్నం పల్లెను చూసి సిగ్గుపడాలా, పల్లెను సాకుగా చూపించుకోవాలా? మేం చీకటి కోసం ఎదురుచూశాం. పట్నంలో ఆ చీకటి కూడా లేదు, రాత్రంతా దీపాలే!

ఇంకా పెద్ద ఒప్పుకోలు ఒకటుంది. అది చెప్పకుండా ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

నేను పనిచేసిన బడుల్లో మొదటి ఇరవై ఏళ్ళూ ఆడపిల్లలకు ఒక చాటు గది అంటూ లేదు. మగపిల్లలు చిటికెన వేలు చూపిస్తే పొమ్మనేవాణ్ణి. వాళ్ళు బడి వెనక్కి పరుగెత్తేవాళ్ళు. ఆడపిల్లలు వేలు చూపించేవాళ్ళు కాదు. చూపించి ఏం లాభం? మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే ఇంటికి పోయేవాళ్ళు. కొందరు తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఏడో తరగతి దాటేసరికి ఆ కొందరు చాలామంది అయ్యేవాళ్ళు. నేను హాజరు పట్టీ తీసి, వాళ్ళ పేర్ల ఎదురుగా ఎర్రసిరాతో సున్నాలు చుట్టేవాణ్ణి. "ఆడపిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదు" అని తనిఖీకి వచ్చిన అధికారులకు చెప్పేవాణ్ణి కూడా. ఎన్ని సున్నాలు చుట్టానో! ఆ సున్నాలన్నీ నాకు రావలసిన మార్కులే అని తెలియడానికి మా ఆవిడ ఆసుపత్రి పాలు కావలసి వచ్చింది.

మళ్ళీ ఇంకొకరంటారు: "ఇంత చిన్న సంగతికి నగరం మొత్తాన్ని దుయ్యబట్టడమేమిటి?" చిన్న సంగతా? 1909లో ఒఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ పెద్దమనిషి రైలు కంపెనీకి రాసిన ఉత్తరం కథ విన్నారా? పనసపండు ఎక్కువగా తిని రైలెక్కాడట. కడుపులో గడబిడ. దారిలో ఒక స్టేషనులో దిగి అవతలకు పోతే, గార్డు ఈల ఊదేశాడు. ఒక చేత్తో చెంబు, మరో చేత్తో పంచె పట్టుకుని పరుగెత్తి, ప్లాట్‌ఫారం మీద అందరి ఎదుటా పడ్డాడు. రైలు వెళ్ళిపోయింది. ఆయన ఒళ్ళు మండి ఇంగ్లీషులో ఫిర్యాదు రాశాడు. కింది తరగతుల పెట్టెల్లో మరుగుదొడ్లు పెట్టడానికి ఆ ఉత్తరమే కారణమని చెప్పుకుంటారు. ఆ ఉత్తరం ఢిల్లీలోని రైలు మ్యూజియంలో పెట్టారు. చూసినవాళ్ళంతా నవ్వుకుంటారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ రైల్లో ఆడవాళ్ళు కూడా ఉండి ఉంటారు కదా? వాళ్ళు స్టేషనులో దిగలేదు, పడలేదు, ఉత్తరం రాయలేదు. పనసపండు తినలేదు, నీళ్ళు కూడా తాగలేదు. అందుకని వాళ్ళ కష్టం ఏ మ్యూజియంలోనూ లేదు. కష్టం కనబడకుండా దాచుకునేవాళ్ళకి జాబితాల్లో గడి ఉండదు.

ఎవరూ పట్టించుకోలేదని కూడా అనను. బిందేశ్వర్ పాఠక్ గారు 1970లో సులభ్ సంస్థ పెట్టారు. డబ్బు ఇచ్చి వాడుకునే సులభ్ మరుగుదొడ్డి 1974లో పాట్నాలో వెలిసింది. 'దానికి ఎవరు డబ్బిస్తారు' అని వెక్కిరించినవాళ్ళే తర్వాత వరసలో నిలబడ్డారు. కాని అక్కడా ఒక తిరకాసు వచ్చింది. చాలాచోట్ల మగవాళ్ళ మూత్రశాలకు పైసా అక్కర్లేదు, ఆడవాళ్ళు పోవాలంటే డబ్బు కట్టాలి. ఇదేం న్యాయమని 2011లో ముంబయి ఆడవాళ్ళు ఉద్యమం లేవదీశారు. కేరళలో బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళు తమకు మరుగుదొడ్డి కావాలనీ, కూచోనివ్వాలనీ ఏళ్ళ తరబడి పోరాడితే, 2018లో కూచునే హక్కు చట్టమైంది. కూచోవడానికి చట్టం! 2025 జనవరిలో సుప్రీంకోర్టు, దేశంలోని కోర్టులన్నిటిలోనూ ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వికలాంగులకూ ట్రాన్స్‌జెండర్లకూ విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలి, ఇది జీవించే హక్కులో భాగమే అని తీర్పు చెప్పింది. రాజ్యాంగం వచ్చిన డెబ్బై అయిదేళ్ళకు, సాక్షాత్తూ న్యాయస్థానాల ఆవరణల కోసమే ఆ మాట చెప్పవలసి వచ్చిందంటే, బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పిల్ల సంగతి ఎవరికి పడుతుంది?

మన ప్రభుత్వం 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు తీసేసింది. చాలా మంచి పని. ఎన్నడూ మండలం దాటని ఆడవాళ్ళు కూడా బస్సెక్కి ఆసుపత్రులకూ కాలేజీలకూ పోతున్నారు. బస్సు నిండా వాళ్ళే. వాళ్ళల్లో ఎంతమంది గొంతు తడుపుకోకుండా ఎక్కారో కండక్టరు లెక్కలో రాదు. ప్రయాణానికి డబ్బు అక్కర్లేదు గాని, దాహం మాత్రం ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి.

ఎండాకాలం వస్తే మన పట్నాల్లో వీధివీధినా చలివేంద్రాలు పెడతారు. పందిరి వేసి, కుండలు పెట్టి, దాత పేరు బ్యానరు మీద రాసి, ఫొటో తీయించుకుంటారు. నీళ్ళు పొయ్యడం పుణ్యం. ఆ తర్వాతి అవసరం తీర్చడం మాత్రం ఎవరి మతంలోనూ పుణ్యం కాదు కాబోలు. తాతగారి జ్ఞాపకార్థం మరుగుదొడ్డి కట్టించిన మనవణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

"నగరాలు పెద్దవి, జనం ఎక్కువ, ఎక్కడని కడతాం?" అనేవాళ్ళకు హైదరాబాదు పాత కథే జవాబు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటేడే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. 1912లో నగరాన్ని బాగుచేయడానికి ఒక బోర్డే పెట్టారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ లేచాయి. అవే నగరానికి తాగునీళ్ళూ ఇచ్చాయి. ఒక్క వరదకు ఆ నగరం ఇరవై ఏళ్ళు ఆలోచించింది, డబ్బు ఖర్చు పెట్టింది, వరదను తెచ్చిన నీళ్ళనే కుండలోకి దించింది. మా పక్కనే సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన శీలం జానకీబాయి చెరువులు తవ్వించిందని ఇప్పటికీ ముసలివాళ్ళు చెప్పుకుంటారు. ఆ రోజుల్లో చెయ్యగలిగినవాళ్ళం ఈ రోజుల్లో నాలుగు గోడలూ ఒక తలుపూ కట్టి, ఒక మనిషిని పెట్టి శుభ్రంగా ఉంచలేమా? మూసీ వరద అందరి ఇళ్ళలోకీ వచ్చింది గనక అందరికీ కనిపించింది. ఈ బాధ ఆడవాళ్ళ ఒంట్లోనే ఉండిపోతుంది గనక కనిపించడం లేదు. అంతే తేడా.

మా వాడి జాబితాల మీద కోపంతో వాటిని పూర్తిగా కొట్టిపారెయ్యడమూ న్యాయం కాదు. ఎకనమిస్ట్ వాళ్ళ జాబితాలో 2022 నుంచి 2024 దాకా వరసగా మూడేళ్ళు మొదటి స్థానం ఆస్ట్రియా రాజధాని వియన్నాది. 2025లో అది కోపెన్‌హాగన్‌కు పోయింది. ఆ వియన్నా నగరంవాళ్ళు 1990లలో ఒక పని చేశారు. పార్కుల్లో ఎవరెవరు ఆడుకుంటున్నారో లెక్క చూస్తే, తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కుకు రావడం మానేస్తున్నారని తేలింది. మన పంతుళ్ళయితే "ఆడపిల్లలకు ఆటల మీద శ్రద్ధ లేదు" అని రాసి పెట్టేవాళ్ళు. వాళ్ళు అలా రాయలేదు. ఎందుకు రావడం లేదో కనుక్కుని, పార్కులనే మార్చారు. బాటలు వేశారు, ఆడపిల్లలు కూచుని మాట్లాడుకోవడానికీ ఆడుకోవడానికీ వేరేచోట్లు ఏర్పాటు చేశారు. పిల్లలు తిరిగి వచ్చారు. ర్యాంకు వచ్చింది ఆ ఒక్క పనివల్లే అనను. కానీ రాని మనిషి గురించి అడిగే నగరం ఎక్కడైనా బాగుపడుతుంది.

కనుక కంపెనీలవారికీ, కార్పొరేషన్లవారికీ, మార్కులు వేసే పెద్దలందరికీ నాదొక మనవి. మీ అయిదు గడులూ అలాగే ఉంచండి. ఆరో గడి ఒకటి గీయండి. ఫ్లైఓవర్లు ఎన్ని, మెట్రో ఎన్ని కిలోమీటర్లు, అద్దాల మేడలు ఎన్ని అని అడిగేముందు, తెల్లవారి ఏదో ఒక వీధిలో ఏదో ఒక తలుపు తట్టి, పనిమీద బయలుదేరుతున్న ఆడమనిషిని అడగండి: "అమ్మా, నీళ్ళు తాగి బయలుదేరుతున్నారా?" కూరగాయలమ్మే ఆమెను అడగండి, చీపురు పట్టి రోడ్లూడ్చే ఆమెను అడగండి, బస్సులో టికెట్లు కొట్టే కండక్టరమ్మను అడగండి. తాగాను అంటే ఆ ఊరు బతకదగిన ఊరు. తలవంచుకుంటే, ఆ ఊళ్ళో ఎన్ని అంతస్తులున్నా అది మగవాళ్ళ మజిలీ మాత్రమే.

ఈ పత్రిక చదువుతున్న మగమహారాజులకు కూడా ఒక మాట. మీ నగరం ర్యాంకు తెలుసుకోవడానికి లండన్ దాకా పోనక్కర్లేదు. వంటింటి దాకా పోతే చాలు. కాని నాలాగా నలభై రెండేళ్ళు ఆగకండి.

మొన్న పసుపు అమ్మకానికి నిజామాబాదు పోయాం. తెల్లవారి బస్తాలు బండికెక్కిస్తుంటే మా ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చుకుంది. నేను చూస్తున్నానని చూసింది. సగం తాగి, కాసేపు ఆలోచించి, మిగతాది తులసికోటలో పోసింది. సగమైనా తాగింది గదా అనుకున్నాను. గంజి దగ్గర మాకు తెలిసినవాళ్ళ ఇల్లొకటి ఉంది, ఆ ధైర్యం. తెలిసినవాళ్ళు లేని ఆడమనిషి ఏం చేస్తుంది అన్నది ఆ మిగతా సగం.

ఇల్లు అమ్మలేదు. మా వాడు ఆదివారాలు ఇప్పటికీ ఫోను చేస్తూనే ఉన్నాడు. నూట నలభై మూడు మాట ఎత్తడం మానేశాడు. వానలు పడ్డాయా, పసుపు ఎలా ఉంది అని అడిగాక, కాస్త ఆగి, కొత్తగా ఇంకొకటి అడుగుతున్నాడు:

"బాపూ, అమ్మ నీళ్లు తాగుతున్నదా?"